కుడికి తిరగడం రాని కంకర బాబాయ్

ఆయన్ని అందరూ కంకర బాబాయ్ అంటారు. పెద్దా చిన్నా తేడా లేదు. ఆయనకంటే పదేళ్ళు పెద్దయిన కంపౌండరు కూడా బాబాయ్ అనే పిలుస్తాడు. ఆయనకి కోపం రాదు. కోపం తెచ్చుకుంటే ఇంకో పేరు పెడతారని తెలుసు.

బాబాయ్ పని అడవిలో సైకిల్ బాటని చూసుకోవడం. ఇళ్ళు అయిపోయి చెట్లు మొదలయ్యే చోట ఒక గేటుంది. గేటు లోపల కారు లేదు, లారీ లేదు, మోటార్ సైకిల్ లేదు. అవి రాకుండా రెండు ఇనప దిమ్మలు దగ్గర దగ్గరగా పాతారు. సైకిలూ మనిషీ తప్ప ఇంకేదీ దూరదు. ఒకసారి ఒక లావుపాటాయన ఇరుక్కున్నాడు గానీ, అది ఆయన సొంత విషయం. అక్కణ్ణించి సన్నకంకర పరిచిన బాట బయల్దేరి, ఒక గుట్ట చుట్టూ గాజులా తిరిగి, పదకొండు కిలోమీటర్ల తర్వాత మళ్ళీ అదే గేటు దగ్గర తేలుతుంది. ఒకప్పుడు కలప లాగిన దారి అది. ఇప్పుడు ఒంట్లో కొవ్వు పెరిగినవాళ్ళూ, ఇంట్లో పోరు పెరిగినవాళ్ళూ పొద్దున్నే వచ్చి తొక్కుకుంటారు. ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడి గుద్దుకోకుండా అందరూ ఒకే వైపు పోవాలి. గుట్టని కుడిచేతి పక్కన పెట్టుకుని పోవాలి. ఎటు పోవాలో చెప్పడానికి పద్దెనిమిది చోట్ల బాణం బోర్డులున్నాయి.

కంకర బాట చూడ్డానికి నోట్లో నాలుక లేనట్టు పడుంటుంది గానీ దానికి రోజూ ఒక గొడవ ఉంటుంది. చక్రాలు కంకరని పక్కలకి నెడతాయి. వాన వచ్చి కిందికి ఈడుస్తుంది. చెట్ల వేళ్ళు అడుగునుంచి పొడుస్తాయి. బాబాయ్ ఇనప పళ్ళ దంతెతో పక్కకి పోయిన కంకరని మళ్ళీ మధ్యకి లాగుతాడు, పారతో గుంట పూడుస్తాడు, కాలితో తొక్కి చూస్తాడు. మంగళవారం బాట మూసేస్తారు. ఆ రోజు పెద్ద పనులు.

ఆయన దగ్గర అడవి ఆఫీసువాళ్ళిచ్చిన సైకిలుంది. దాని హ్యాండిలుకి గంప, వెనక కారియర్ మీద దంతె, పార, మధ్య గొట్టానికి తాడు కట్టి నీళ్ళ సీసా. పొద్దున ఆ సైకిల్ తోసుకుంటూ బయల్దేరతాడు, మధ్యాహ్నం తోసుకుంటూ వస్తాడు. పంతొమ్మిదేళ్ళుగా అంతే. తోసుకుపోతున్నవాణ్ణి చూసి ఇప్పుడే దిగాడు కాబోలు అనుకున్నవాళ్ళు కొందరు, ఇప్పుడే ఎక్కబోతున్నాడు కాబోలు అనుకున్నవాళ్ళు కొందరు. దాని మీద కూర్చోగా ఎవరూ చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా ఎవరూ చూసుకోలేదు.

బాబాయ్‌కి సైకిల్ తొక్కడం రాదు.

చిన్నప్పుడు ఇంట్లో ఒకటే సైకిలుండేది. ముగ్గురు అన్నలు నేర్చుకునేసరికి అది విరిగింది. ఈయన వంతుకి బెల్లు మిగిలింది. తర్వాత ఉద్యోగానికి వెళ్ళినప్పుడు అక్కడి పెద్దాయన తలెత్తకుండా "సైకిల్ వచ్చుగా?" అని అడిగాడు. సైకిల్ బాట ఉద్యోగానికి వచ్చి రాదని ఎవడంటాడు? "వచ్చు సార్" అన్నాడు. వెంటనే ఒక కొత్త సైకిల్ చేతిలో పెట్టారు. అక్కణ్ణించి ఆరు కిలోమీటర్లు తోసుకుంటూ ఇంటికి వచ్చాడు. "కొత్త సైకిల్ కదా, అరిగిపోతుందని" అన్నాడు పెళ్ళాంతో. ఆవిడ ఏమీ అనలేదు.

ఆవిడ ఏమీ అనకపోవడమే ఆయన్ని అన్నేళ్ళు కాపాడింది. ఎందుకంటే ఆవిడ సైకిళ్ళు బాగుచేస్తుంది. గేటు పక్కన రేకుల షెడ్డు ఆవిడదే. పంచర్ల పిన్ని అంటారు. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది. రిమ్ము వంకర తీయాలన్నా, స్పోకు బిగించాలన్నా, ఆ చుట్టుపక్కల ఆవిడ తర్వాతే ఎవరైనా. బాగుచేసిన ప్రతి సైకిలూ ఒక చుట్టు తొక్కి చూసి గానీ ఇవ్వదు. షెడ్డు వెనకే రెండు గదుల క్వార్టరు. ముందు గదిలో బల్ల, గోడకి వేలాడేసిన ట్యూబులు. వెనక గదిలో పొయ్యి, మంచం. వాళ్ళ కూతురు ఆ ఇంట్లోనే పెరిగి, ఆ బాట మీదే సైకిల్ నేర్చుకుని, ఇప్పుడు వేరే ఊళ్ళో నర్సుగా చేస్తోంది. ఆ పిల్లకి నేర్పింది బాబాయే. సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తడానికి తొక్కడం రానక్కర్లేదు.

అంతా బాగానే ఉంది. ఒకరోజు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

కొత్తగా ఒక మేడమ్ వచ్చిందట. బాటలు చూసేవాళ్ళంతా తన ముందు బాట మొత్తం ఒక చుట్టు తొక్కి చూపించాలట. రెండు నెలల్లో వస్తుందట. తొక్కలేనివాళ్ళని పట్నంలో లారీల యార్డుకి మారుస్తారట. బాబాయ్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. రెండోసారి కూడా అదే ఉంది.

లారీల యార్డంటే ఆయన ఒకసారి చూశాడు. రోజంతా లారీలు వెనక్కి వస్తూ కూస్తుంటాయి. ఆకు రాలితే వినబడే చోట పంతొమ్మిదేళ్ళున్న మనిషి. పైగా ఉద్యోగం మారితే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. క్వార్టరు పోతే షెడ్డూ పోతుంది. ఒక్క "వచ్చు సార్" ఇంతదూరం తెచ్చింది.

ఆ పూట అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏంటయ్యా, మెతుకులు లెక్కపెడుతున్నావా?" అంది పిన్ని.

"ఆకలి లేదు."

"కాగితం నేనూ చూశాలే. తొక్కి చూపించాలంట కదా."

"తొక్కడానికేముంది" అన్నాడు బాబాయ్. "మోకాళ్ళ నొప్పులొకటి వచ్చాయి గానీ..."

పిన్ని గరిటె పక్కన పెట్టింది. "ఏవయ్యా, నేను చేసే పనేంటి?"

"సైకిళ్ళు బాగుచేస్తావు."

"పంతొమ్మిదేళ్ళు నీ సైకిల్ చూస్తున్నా. ముందు బ్రేకు రబ్బర్లు మార్చానా? మార్చలేదు. చెయిను సాగిందా? సాగలేదు. పెడలు మీద కొత్తప్పటి గళ్ళు అలాగే ఉన్నాయి. సీటు కవరు మీద ఒక్క ముడత లేదు. మొత్తం సైకిల్లో అరిగింది టైర్లూ, హ్యాండిలుకి ఎడంచేతి పిడీ. నువ్వెప్పుడైనా దాని మీద కూర్చుంటే కదా!"

బాబాయ్ చాలాసేపు ముద్ద కలిపాడు. "ఎప్పట్నుంచి తెలుసు?"

"మూడోవారం నుంచి."

"మరి చెప్పలేదే?"

"నువ్వు చెప్తావేమో అని చూశా" అంది పిన్ని. "మంగళవారం బాట మూసేస్తారుగా. పొద్దున్నే లే."

ఆ మంగళవారం పాఠం మొదలైంది. పిన్ని చీర కుచ్చిళ్ళు దోపుకుని సీటు పట్టుకుంది. బాబాయ్ ఎక్కాడు. యాభై రెండేళ్ళ మనిషి మొదటిసారి సైకిలెక్కితే ఎలా ఉంటుందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎక్కాడు, పడ్డాడు.

"ముందుకు చూడవయ్యా! చక్రం కేసి చూస్తావేంటి?"

"దాని మీదే కదే నాకు అనుమానం!"

"అది పారిపోదు. తొక్కు."

"నువ్వు వదలకు."

"వదలను."

ఆవిడ వదిలింది. బాబాయ్ పది గజాలు పోయి, ఆవిడ గొంతు దూరంగా వినబడేసరికి పడ్డాడు. "కూతురికి నేనూ ఇదే మాట చెప్పా" అన్నాడు లేస్తూ, చాలా బాధగా. "ఇదే అబద్ధం."

నాలుగు మంగళవారాలు గడిచాయి. తిన్నగా వెళ్ళడం వచ్చింది. బ్రేకు వెయ్యడం వచ్చింది. ఎడమకి తిరగడం అయితే నీళ్ళు తాగినంత సులువుగా వచ్చింది. కుడికి మాత్రం రాలేదు. కుడికి తిప్పడం, పడటం. మెల్లగా తిప్పినా పడటమే, గట్టిగా తిప్పినా పడటమే. కుడి మోచెయ్యీ కుడి మోకాలూ ఒకే రంగుకి వచ్చాయి.

పిన్ని ఆయన్ని ఒకచోట నిలబెట్టి చుట్టూ తిరిగి చూసింది, రిమ్ము వంకర చూసినట్టు. "తెలిసింది" అంది. "నువ్వెప్పుడూ సైకిల్‌కి ఎడంపక్క నుంచుని తోస్తావు. సైకిల్ని నీ వైపుకి, ఎడమకి వాల్చుకుని తోస్తావు. నీ చేతులకి సైకిలంటే ఎడమకి వాలేదే. నీ భుజం చూడు, ఎడంపక్క దిగబడింది. ఇది స్పోకు కాదు బిగిస్తే రావడానికి. మనిషే వంగిపోయాడు."

"మరెలా?"

"అలవాటు పోవాలంటే ఏళ్ళు పడుతుంది."

"నెల కూడా లేదు."

"అయితే కుడిమలుపు లేని బాట వెతుక్కో" అంది పిన్ని విసుగ్గా, చేతులు తుడుచుకుంటూ. ఆవిడ వేళాకోళానికి అంది. బాబాయ్ నిజంగానే ఆలోచించాడు.

బాట గుట్ట చుట్టూ గాజులా తిరుగుతుందని చెప్పుకున్నాం. గుట్టని కుడిచేతి పక్కన పెట్టుకుంటే మలుపులన్నీ కుడికే. అదే బాటని తిరగేసి, గుట్టని ఎడంచేతి పక్కన పెట్టుకుంటే మలుపులన్నీ ఎడమకే. ఒక్క చోట తప్ప. ఏడో కిలోమీటరు దాటాక వాగు నీళ్ళు పోయే తూముంది. అక్కడ బాట లోపలికి వెళ్ళి బయటికి వస్తుంది కాబట్టి ఒక్క మలుపు కుడికి వస్తుంది. తూము దగ్గర దిగి, గొట్టంలో ఆకులు అడ్డం పడ్డాయేమో చూసి, ఆ నాలుగడుగులూ తోసుకుంటే సరి. అది మామూలుగా చేసే పనే.

అలా ఆ సాయంత్రంలోపు పద్దెనిమిది బాణాలూ తిరగబడ్డాయి. ఒక్కో బోర్డుకి రెండేసి మరలు. బాబాయ్ అంత పెద్ద పని ఎవర్నీ అడక్కుండా చెయ్యడం అదే మొదలు.

బుధవారం పొద్దున కంపౌండరు వచ్చాడు. పదేళ్ళుగా మంగళవారం తప్ప ఒక్కరోజు మానకుండా తొక్కేవాడు ఆయన. ఆస్పత్రిలో నలభై ఏళ్ళు సూదులేశాడు, ఆ చేత్తోనే మాట్లాడతాడు. మొదటి బాణం దగ్గర ఆగి, దిగి, దానికేసి చూశాడు.

"ఏంటోయ్ బాబాయ్, బాణం తిరగబడిందేంటి?"

"తిప్పామండి. ఇకనుంచి అటుగా."

"ఎవరు చెప్పారు?"

బాబాయ్ దంతె అందుకున్నాడు. "బాట బాగుకే."

"ఆహా! తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమని! పదేళ్ళు ఒకవైపు తిరిగిన మనిషినయ్యా నేను. నా కాళ్ళకి ఏ రాయి ఎక్కడుందో తెలుసు. గడియారం కూడా కుడికే తిరుగుతుంది!"

"గడియారం కింద పడదు కదా" అంది పిన్ని షెడ్డులోంచి.

కంపౌండరు ఆ మాట విననట్టు వెళ్ళి, గంటన్నరకి రొప్పుతూ వచ్చాడు. "తూము అవతల దిగుడు కాస్తా ఎక్కుడు చేశారు" అన్నాడు. "ఆ దిగుడు కోసమే నేను పొద్దున్నే లేచేది. ఆ మేడమెవరో వస్తోందంటగా. రానీ. కాగితం రాసి చేతిలో పెడతా."

నాలుగు వారాలు రోజూ అదే మాట చెప్పాడు. రోజూ తొక్కాడు. తిట్టడం మానలేదు, తొక్కడం మానలేదు. బాబాయ్‌కి మాత్రం రెండు భయాలయ్యాయి. పడతానని ఒకటి, కాగితం అని ఒకటి.

మేడమ్ ఒక శుక్రవారం పొద్దున వచ్చింది. పాతికేళ్ళుంటాయి. తలకి టోపీ, వీపుకి సంచీ, చేతిలో ఫారం. సొంత సైకిల్ మీద వచ్చింది. కంపౌండరు అప్పటికే గేటు దగ్గర మడత కాగితంతో నిలబడి ఉన్నాడు.

"ముందు బాట చూద్దాం, తర్వాత కాగితాలు" అంది మేడమ్. "మీరు ముందు పదండి, నేను వెనక వస్తా."

పిన్ని వచ్చి ముందు టైరు నొక్కి చూసింది. బాగానే ఉంది. వెనక టైరు నొక్కింది. అదీ బాగానే ఉంది. ఇంక నొక్కడానికి ఏమీ లేక "చూసి వెళ్ళు" అంది.

బాబాయ్ ఎక్కాడు. మొదటి కిలోమీటరు ఊపిరి తీసుకోలేదు. రెండో కిలోమీటరులో తీసుకున్నాడు. ఎడమ, ఎడమ, మళ్ళీ ఎడమ. గుట్ట ఎడంచేతి పక్కన బుద్ధిగా కూర్చుని ఉంది. చక్రాల కింద కంకర కరకరమంటోంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ చప్పుడు ఆయనకి పక్కనుంచి వినబడేది, మొట్టమొదటిసారి కిందనుంచి వింటున్నాడు. నాలుగో కిలోమీటరులో ఒకచోట వెనక చక్రం కొంచెం మెత్తగా దిగింది. ఇక్కడ రెండు గంపలు పొయ్యాలి అనుకున్నాడు. అనుకున్నాక గుర్తొచ్చింది, తను తొక్కుతున్నానని. గుర్తు రాగానే కొంచెం ఊగాడు.

"ఏమన్నా అయిందా?" అంది వెనకనుంచి మేడమ్.

"కంకర చూస్తున్నానమ్మా."

తూము వచ్చింది. బాబాయ్ బ్రేకు వేసి దిగాడు. వంగి గొట్టంలోకి చూశాడు. చెయ్యి పెట్టి గుప్పెడు ఆకులు తీశాడు. ఆ ఆకులు మొన్న తనే తియ్యకుండా ఉంచాడని ఇక్కడ చెప్పకపోతే అన్యాయం అవుతుంది. తర్వాత తోసుకుంటూ కుడిమలుపు దాటాడు. ఎదురుగా కంపౌండరు ఏడ్చిన ఎక్కుడు. ఎవరైనా అక్కడ దిగాల్సిందే. మేడమ్ కూడా దిగింది. పది గజాలకే ఆ పిల్ల రొప్పడం మొదలుపెట్టింది. బాబాయ్ మాత్రం రోడ్డు మీద మాట్లాడుకుంటూ పోతున్నట్టు పోయాడు. సైకిల్ తోసుకుంటూ ఎక్కడంలో ఆయన్ని మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. పైకి చేరాక ఎక్కి, మిగతా మూడున్నర కిలోమీటర్లు ఎడమకి తిరుగుతూ గేటు దగ్గరికి వచ్చాడు. పడలేదు. దిగి స్టాండు వేశాడు.

మేడమ్ ఫారం మీద ఏదో రాసుకుని, "ఆ కాగితం ఇవ్వండి" అంది కంపౌండరుతో.

కంపౌండరు గొంతు సవరించుకుని, ఇవ్వకుండా తనే చదివాడు. ఎవర్నీ అడక్కుండా బాట తిరగేశారని, పదేళ్ళ అలవాటు చెడిందని, ఎందుకంటే చెప్పరని.

మేడమ్ ఫారంలోంచి ముందు పేజీ తీసి చూసింది. "నిజమే. మా దగ్గర కుడిచేతి బాట అని ఉంది. బాణాలు ఎవరు తిప్పారు?"

"నేనేనమ్మా" అన్నాడు బాబాయ్.

"ఎందుకు?"

ఇప్పుడు ఇంకో "వచ్చు సార్" చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. పంతొమ్మిదేళ్ళు మోసిన బరువు ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి మింగేశాడు.

"నాకు కుడికి తిరగడం రాదమ్మా. సైకిల్ తొక్కడమే రాదు. మా ఆవిడ ఈ రెండు నెలల్లో నేర్పింది. ఎడమ ఒక్కటే వచ్చింది. అందుకని బాట తిప్పా."

కంపౌండరు చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. పదేళ్ళుగా రోజూ చూసిన మనిషి కేసి ఆయన కొత్తగా చూశాడు, తర్వాత సైకిల్ కేసి చూశాడు.

"తొక్కడం రాదా?" అన్నాడు.

"రాదండి."

"మరి నేను పడ్డప్పుడల్లా వచ్చి లేపేవాడివి?"

"నడిచే వచ్చేవాణ్ణి."

మేడమ్ పిన్ని వైపు తిరిగింది. "మీకు తెలుసా ఇదంతా?"

పిన్నికి ఆ నెలరోజులుగా కడుపులో ఉన్నది ఆ క్షణంలో బయటికి వచ్చింది. అది మొగుణ్ణి కాపాడటానికి అన్నది కాదు. ఒట్టి ఉక్రోషంతో అన్నది.

"తెలుసు. తెలిసీ నా నోట్లో నేనే మట్టి కొట్టుకున్నా. ఇదివరకు తూము దిగుళ్ళో వారానికి ముగ్గురు నలుగురు పడేవాళ్ళు. స్పీడుగా దిగడం, కింద వదులు కంకర మీద జారడం, రిమ్ము వంకర చేసుకుని నా దగ్గరికి రావడం. ఇదిగో ఈ కంపౌండరుగారే నాలుగు రిమ్ములు వంచారు. ఇప్పుడు నెలయింది, ఒక్క వంకర రిమ్ము రాలేదు! ఎక్కుడులో ఎవడు పడతాడు? రిమ్ము సుత్తి తుప్పు పడుతోంది. ఈయన కుడికి తిరగలేడు గానీ నా వ్యాపారం తిప్పి పెట్టాడు."

మేడమ్ రాయడం ఆపింది. "ఒక్కరు కూడా పడలేదా?"

"ఒక్కరు కూడా లేరు."

మేడమ్ కంపౌండరు వైపు చూసింది. "మీరు నాలుగుసార్లు పడ్డారా?"

"అయిదు" అన్నాడు కంపౌండరు. నిక్కచ్చి మనిషి. "పడేది నా ఇష్టం."

బాబాయ్ పంతొమ్మిదేళ్ళు ఆ తూము దగ్గరికి మందుల డబ్బా పట్టుకుని నడిచాడు. ఎన్ని మోకాళ్ళకి గుడ్డ కట్టాడో. బాట తిరగేస్తే సరిపోతుందని ఒక్కనాడూ తట్టలేదు. తన మోకాలు పగిలితే తట్టింది. అది తలుచుకుంటే ఆయనకి లోపల ఎక్కడో సిగ్గేసింది. ఆ మాటే పైకి అన్నాడు.

"అప్పుడే తిప్పాల్సిందమ్మా. నాకోసం తిప్పుకున్నా గానీ, వాళ్ళ కోసం తోచలేదు."

మేడమ్ కాసేపు పెన్ను కొరికింది. "ఫారంలో అడిగింది బాట మొత్తం తిరిగి చూపించారా లేదా అని" అంది. "తిరిగారు. నేనే వెనకాల ఉన్నా. ఎటు తిరగడం వచ్చో అడగలేదు." టిక్కు పెట్టింది. తర్వాత ముందు పేజీలో కుడిచేతి బాట అన్నచోట కుడి కొట్టేసి ఎడమ రాసింది. "ఇంకోసారి బోర్డులు తిప్పేముందు మాత్రం ఒక ముక్క చెప్పండి."

"చెప్తానమ్మా."

"తూము దగ్గర దిగి చూస్తున్నారే, అది బాగుంది. అందరూ అక్కడ దిగాలని బోర్డు పెట్టిస్తా."

బాబాయ్‌కి ఆ ఆకుల సంగతి కూడా చెప్పేద్దామనిపించింది. పిన్ని వెనకనుంచి చొక్కా లాగింది. ఒక పూటకి అంత నిజం చాలు.

నెల తిరిగేసరికి తూము దగ్గర ఆ బోర్డూ, గేటు దగ్గర ఇంకో బోర్డూ వచ్చాయి. గేటు బోర్డు మీద జనం క్షేమం కోసం ఈ బాట ఎడమకి తిరుగుతుందని పెద్దక్షరాల్లో రాసి ఉంది. చూసినవాళ్ళు ఎవరో పెద్ద ఇంజనీరు చెప్పుంటాడు అనుకున్నారు. కంపౌండరు రోజూ ఆ బోర్డు దగ్గర ఆగి, "ఇంజనీరుగారూ, నమస్కారం" అని బాబాయ్‌కి చెయ్యెత్తి, తిట్టుకుంటూ ఎడమకి పోతాడు. ఇంకా ఒక్కసారి కూడా పడలేదు. అదొక లోటుగా ఉందంటాడు.

బాబాయ్ మళ్ళీ గంప, దంతె, పార కట్టుకుని సైకిల్ తోసుకుంటూనే పోతున్నాడు. ఎక్కి కూర్చుంటే కంకర కనబడదు, అది పని చేసేవాడికి పనికిరాదు అంటాడు. ఆ మాట నిజమే. ఒకటే తేడా. ఇదివరకు సైకిల్‌కి ఎడంపక్క నడిచేవాడు, ఇప్పుడు కుడిపక్క నడుస్తున్నాడు. సైకిల్ని కుడికి వాల్చుకుని, కుడిచేతి పిడి పట్టుకుని, ఎడమకాలు పెడలుకి కొట్టుకుంటూ, మనిషి అవస్థ పడుతూ పోతుంటాడు.

"ఎందుకయ్యా ఆ తిప్పలు?" అంది పిన్ని మొదటిరోజు.

"భుజం సరవుతుందని."

పిన్ని షెడ్డులోంచి లేచి వచ్చి, ఆయన పోతున్నవైపు కన్ను చికిలించి చూసింది, రిమ్ము తిరుగుతుంటే చూసినట్టు.

"పర్లేదు" అంది. "ఇలాగే తోయి. ఇంకో పంతొమ్మిదేళ్ళకి కుడి కూడా వచ్చేస్తుంది."